కుక్క అరుపుకి కదిలిన డేలియాలు

ఆ రోజుల్లో నాకు భయమనేది ఉద్యోగంతో పాటే వచ్చింది. వన్‌టౌన్‌లో అందరూ పెద్దభాయ్ అని పిలిచే సాయిబుగారి ఫోటో స్టూడియోలో కొత్తగా చేరాను. లెన్సు తుడవాలన్నా చేతులు వణికేవి. అలాంటి నన్ను ఒకరోజు పోర్టు ఆఫీసరుగారి బంగళాలో డేలియా పూల ఫోటోలు తియ్యడానికి పంపించారు. ఆఫీసరుగారికి బదిలీ అయింది. అమ్మగారు రెండేళ్లపాటు ఉప్పుగాలి తగలకుండా దడి కట్టి పెంచుకున్న పూలు ఇక ఫోటోల్లోనే ఆవిడ వెంట వెళ్లాలి. "కలరు రోలు ఒక్కటేరా. పన్నెండు బొమ్మలు. కెమెరా స్టాండు లేకుండా ఒక్కటి తీసినా నీ పని సెప్తాను," అన్నారు పెద్దభాయ్. ఆ స్టాండు బస్సులోనే వదిలేసి దిగానని నాకు బంగళా గేటు దగ్గర గుర్తొచ్చింది. అప్పటికి బస్సు కంచరపాలెం దాటిపోయి ఉంటుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

లోపలికి వెళ్లేసరికి మబ్బు పట్టింది. వెలుతురు లేకపోతే షట్టరు అర సెకను తెరిచి ఉంచాలి, ఆ అర సెకనూ కెమెరా కదలకూడదు. నా వెనక మూడు గజాల దూరంలో గొలుసుతో కట్టేసిన ఆల్సేషన్ కుక్క. నేను మీట నొక్కడం, అది మొరగడం, నా చేతులు కెమెరాతో సహా పైకెగరడం. పన్నెండుసార్లూ ఇదే వరస. (గొలుసు పొడవు చూసుకున్నంత శ్రద్ధగా పూలని చూడలేదు.) "ఏటి బాబూ, అలా సెమటలు కారిపోతన్నాయి? మంచినీళ్లిమ్మంటావా?" అన్నారు అమ్మగారు. ఆవిడ భీమిలి ఆడపడుచు. నీళ్లు తాగాను గానీ నిజం చెప్పలేకపోయాను.

కలరు రోలు కడగడానికి మద్రాసు పంపాలి. వచ్చేసరికి పది రోజులు. ఈలోగా పూలు రాలిపోతాయి, మళ్లీ తీద్దామన్నా ఉండవు. స్టాండు ఏదని పెద్దభాయ్ అడిగితే, కాలు విరిగింది, వెల్డింగుకిచ్చానన్నాను. అది చెక్క స్టాండని రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. పొద్దున్నే ఆయన మామూలుగానే లెన్సు తుడిచే గుడ్డ చేతికిచ్చారు. అదే ఇంకా భయం.

ఫోటోలు వచ్చాయి. ఒక్కదాంట్లోనూ పువ్వు లేదు. ఎరుపు, పసుపు, ఊదా చారలు మాత్రం కింద నుంచి పైకి సాగి ఉన్నాయి. పెద్దభాయ్ పన్నెండూ చూసి, టోపీ సర్దుకుని, "పద," అన్నారు. బంగళా ముందు లారీకి సామాను ఎక్కిస్తున్నారు. అమ్మగారు ఒక్కొక్కటే చూస్తుంటే నేను గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాను. ఆఖరిది పక్కన పెట్టి ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "పొద్దున్నే లేచి, ఈ జోడు ఎట్టుకోకముందు కిటికీలోంచి సూత్తే నాకిలాగే అవుపిస్తాయి బాబూ. నీకెలా తెలిసింది?" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో పెద్దభాయ్ నా వైపు తిరిగారు. "ఆ సెక్క స్టాండుకి వెల్డింగయ్యిందేట్రా?"

కావాలనే కెమెరాని కదిపి పూల ఫోటోలు తీసేవాళ్లున్నారని ఈమధ్యే తెలిసింది. కూర్మన్నపాలెంలో మా ఇంటి మందారం ముందు నిలబడి నేనూ ప్రయత్నించాను. ఈ వయసులో చెయ్యి దానంతటదే వణుకుతోంది, అయినా ఆ చారలు రావడం లేదు. వెనక్కి తిరిగి చూశాను. కుక్క లేదు, పెద్దభాయ్ లేరు. భయపడడానికి ఎవరూ లేక, ఉత్త మందారప్పువ్వే వచ్చింది.