చైను ఎంత బిగించాలి

లాక్‌డౌన్ పడ్డప్పుడు మా ఆయన సూరత్‌లో లేడు. మేనమామ దినాలకని సిరిసిల్ల దిక్కు పోయి అక్కడే చిక్కుకుపోయాడు. సూరత్‌లోని వడోద్‌లో మా ఒంటి గది ఇంట్లో నేనూ, అత్తమ్మా మిగిలాం. మా ఆయన పనిచేసే మరమగ్గాల కార్ఖానాతో సహా చుట్టూ లూములన్నీ ఆగిపోయాయి. ఏళ్ల తరబడి ఆ చప్పుడులోనే పడుకున్న మనిషికి, అది లేకపోయేసరికి నిద్ర పట్టేది కాదు.

అత్తమ్మకు కిడ్నీలు పాడైపోయాయి. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయించాలి. ఆటోలు బంద్. ఇంటి ముందు మా ఆయన మోటార్‌సైకిల్ ఉంది. పెళ్లయిన కొత్తలో ఆయనే పాండేసరా దగ్గర ఖాళీ జాగాలో నాకు గేర్ల బండి నేర్పించాడు గానీ, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నేను ఎన్నడూ రోడ్డెక్కలేదు. ఇప్పుడు తప్పలేదు.

"పడితే ఇద్దరం కలిసే పడుదాం తియ్ బిడ్డా" అంటూ అత్తమ్మ చీర ఎగదోపుకుని ఎక్కి కూర్చుంది.

రెండు మూడు సార్లు బాగానే పోయి వచ్చాం. బండి కింద ఏదో కిర్రుమనేది, తర్వాత టకటక కొట్టుకునేది. పాత బండి కదా అనుకుని ఊరుకున్నాను.

ఒక పొద్దున ఉధనా వంతెన ఎక్కుతుంటే ఇంజను ఒక్కసారిగా గీపెట్టింది. యాక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి ముందుకు కదలదు. దిగి చూస్తే చైను ఊడి వెనక చక్రం పక్కన వేలాడుతోంది. తుప్పు పట్టి గలగలలాడుతోందని దాని మీది రేకు కవరును మా ఆయన ఎప్పుడో తీసి పడేశాడు. దుమ్మంతా చైనుకే పట్టింది.

దూరంగా నిలబడ్డ పోలీసు మాస్కు సర్దుకుంటూ వచ్చాడు. "క్యా హువా, బెన్?", ఏమైంది చెల్లీ అని అడిగి, చైను చూసి, గ్యారేజీలన్నీ బంద్ అని తలూపాడు. అత్తమ్మ వంతెన గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పటికే ఆమె కాళ్లు ఉబ్బి ఉన్నాయి. మా ఆయనకు ఫోన్ చేశాను.

"భయపడకు. ఇంజను బంద్ చేసి న్యూట్రల్ చెయ్. పెద్ద స్టాండెయ్" అన్నాడు. "ఎనక పండ్ల చక్రం ఉన్నది గదా, దాని కింది పండ్లకు చైను తగిలించు. ఇగ చక్రం మెల్లగ తిప్పితే అదే ఎక్కుతది. ఏళ్లు పైలం. చైనుకు, పండ్లకు నడుమల ఏలు పడితే తెగుతది."

చైను పట్టుకోవడానికి నా రెండు చేతులూ కావాలి. చక్రం ఎవరు తిప్పాలి? అత్తమ్మ లేచి వచ్చి కింద చతికిలబడింది. "నేను తిప్పుత. ఆగమంటే ఆగుత" అంది. నేను చెప్పినట్టే మెల్లగా తిప్పింది. చైను ఒక్కొక్క పన్నే ఎక్కి కూర్చుంది. మళ్లీ బయల్దేరి, ఆలస్యంగానైనా ఆసుపత్రి చేరాం.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో ఆయన నాకు పాఠం చెప్పాడు. బ్రష్షుతో మడ్డి తీయడం, నూనె పట్టించడం, నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి జరపడం. నేను కుడి దిక్కే బిగిస్తున్నానని చూసి అరిచాడు. "రెండు దిక్కుల సమానం తిప్పాలె. లేకుంటే చక్రం అడ్డం పడ్తది."

"గట్టిగ బిగిస్తే మళ్ల ఊడదు గదా?"

"గట్ల చెయ్యొద్దు. అమ్మ ఎనక కూసుంటే బండి కిందికి దిగుతది, చైను ఇంకింత గుంజుకుంటది. జర ఆట ఉంచు. కింది నుంచి ఏలుతోని ఎత్తితే అంగుళమంత లేవాలె."

మా పెళ్లయ్యాక ఆయన నాతో అంతసేపు మాట్లాడింది అదే మొదలు. అంతకు ముందు ఇంటికొస్తే తిండి, నిద్ర, మళ్లీ షిఫ్టు. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి "చైను ఎట్లున్నది?" అని అడిగేవాడు. చప్పుడు వస్తోందా, నూనె ఎగిరి చీర మీద పడుతోందా అని అదే పనిగా అడిగేవాడు. తల్లి గురించి ఒక్క మాట అడగడేమని నాకు కోపం వచ్చేది. చాలా రోజులకు గానీ అర్థం కాలేదు. అడగడానికి భయపడుతున్నాడు.

అత్తమ్మకు నాకంటే ముందే తెలుసనుకుంటాను. ఒకరోజు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "చైను సంగతి రేపు చెప్తది గని, నా సంగతి అడుగురా" అంది. అవతల నుంచి "అమ్మా, తింటున్నవా?" అన్న గొంతు వినపడింది. అత్తమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని గోడ వైపు తిరిగింది. నేను బయటికి పోయి నిలబడ్డాను.

రైళ్లు మొదలయ్యాక ఆయన వచ్చాడు. పండ్లు కొంకీల్లా వంగి అరిగిపోయాయని చైనుతో పాటు ముందూ వెనకా పండ్ల చక్రాలు కూడా మార్పించాడు. తల్లిని తానే ఆసుపత్రికి తీసుకుపోయాడు గానీ, ఒక్కసారికే అత్తమ్మ వద్దంది. "నువ్వు గుంతలు చూడవు. నాకు కోడలే ఉండాలె." ఆయన నవ్వి ఊరుకున్నాడు. అప్పటి నుంచి బండి నడపడం నాది, దాని మంచిచెడ్డలు చూడటం ఆయనది.

మరుసటి ఏడు వానాకాలంలో అత్తమ్మ పోయింది. అది కూడా ఆసుపత్రికి పోవాల్సిన రోజే. నేను చాయ్ పట్టుకుని లేపబోతే ఒళ్లు చల్లగా తగిలింది. బయట ఆయన చైను మీది బురద తుడిచి, నూనె పట్టించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"అమ్మా, బండి తయారున్నది" అన్నాడు.

నూనె అంటిన ఆయన చేతులు రెండూ పట్టుకుని, అత్తమ్మ పక్కనే కూర్చోబెట్టాను.