త్రోఖిమ్ చెక్క ఫిరంగి

మా ఊరు తెర్నివ్కాలో ఎవరింట్లోనైనా వడ్రంగి త్రోఖిమ్ చేసిన బీరువా ఉందంటే అది కాస్త కలిగిన ఇల్లని అర్థం. తలుపు మూస్తే ఈగ దూరే సందుండదు. సొరుగు లాగితే చప్పుడు కాదు. ఆ మాట ఎవరూ అనకపోతే తనే అంటాడు. ఎవరింటికైనా వెళ్తే కూర్చోకముందే వాళ్ళ బల్ల కింద తడిమి, "ఎవడు చేశాడిది? గొడ్డలితోనా?" అని అడగడం ఆయనకు అలవాటు. అందుకే మా ఊళ్ళో ఆయన్ని భోజనానికి పిలిచేవాళ్ళు తక్కువ.

అలాంటి మనిషికి యుద్ధం మొదలైన మూడో ఏట సైన్యం నుంచి పిలుపొచ్చింది. తుపాకీ పట్టమని కాదు, చెక్కతో ఫిరంగి చేయమని. సొలోమియా అనే సార్జెంటమ్మాయి ఇంటికొచ్చి మరీ చెప్పింది.

"బాబాయ్, పైనుంచి చూస్తే నిజం ఫిరంగిలా ఉండాలి. వాళ్ళ డ్రోన్లు చూడాలి, మోసపోవాలి, దాన్ని పేల్చెయ్యాలి. అంతే."

"నేను చేసిన వస్తువుని పేల్చడానికా?" త్రోఖిమ్ ముఖం మాడ్చుకున్నాడు.

"అది పోతే అసలుది బతుకుతుంది బాబాయ్."

అసలుది ఊరి అవతల చెట్ల వరుసలో దాగి ఉంది. దానితో గుండ్లు కాల్చే నలుగురిలో ఒకడు త్రోఖిమ్ కొడుకు దెమ్యాన్. ఆయన లేచి కొట్టంలోకి వెళ్ళి చెక్కలు ఏరడం మొదలుపెట్టాడు.

మురుగునీటి గొట్టం ఫిరంగి గొట్టమైంది. గడ్డిబండి చక్రాలు దానికి చక్రాలయ్యాయి. మిగతాదంతా చెక్క. ప్రతి చెక్కకూ చిత్రిక పట్టాడు, ఉప్పుకాగితంతో రుద్దాడు, రంగు మీద రంగు వేశాడు. పెళ్ళాం పరస్కా గుమ్మంలో నిలబడి చూసి చూసి విసిగిపోయింది.

"ఏమయ్యా, ఇది తగలబడ్డానికా, పెళ్ళికూతురితో పంపడానికా?"

"నీకు నచ్చినట్టు చేస్తే రెండ్రోజుల్లో కూలిపోద్ది."

"కూలడానికేగా చేస్తుంది!"

ఇళ్ళకు దూరంగా, పొద్దుతిరుగుడు చేలో దాన్ని నిలబెట్టారు. డ్రోన్లు వచ్చాయి, చూశాయి, వెళ్ళిపోయాయి. వారాలు గడిచినా ఒక్క గుండూ పడలేదు. కొట్టు దగ్గర పక్కింటి ఖ్వేదిర్‌కు మంచి కాలక్షేపం దొరికింది.

"ఏం త్రోఖిమ్, శత్రువుక్కూడా నీ పని నచ్చలేదటగా?"

జీవితంలో ఎవరూ వద్దనని పనితనం ఆయనది. ఆ మాటకు ఆయన రొట్టె కొనకుండానే ఇంటికొచ్చేశాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఒక డ్రోన్ చేను మీద రెండు చుట్లు తిరిగి, ఫిరంగిని బాగా చూసి, నేరుగా చెట్ల వరుస మీదికి పోయి పేలింది. దెమ్యాన్ ఫోన్ చేశాడు. తోటివాడి భుజంలో ఇనుప ముక్క దిగిందనీ, తనకు చెవులు కాస్త గుయ్యిమంటున్నాయనీ చెప్పాడు. అమ్మను కంగారు పడొద్దన్నాడు. త్రోఖిమ్ వెళ్ళి కొట్టంలో రంపపు పొట్టు మీద కూలబడ్డాడు. తన చేత్తో చేసింది తన కొడుక్కి అడ్డం నిలబడలేదు.

మర్నాడు సొలోమియా వచ్చి, మా సైన్యం డ్రోన్ పైనుంచి తీసిన చెక్క ఫిరంగి ఫొటో ఫోనులో చూపించింది. "మీరే చెప్పండి పిన్నీ, అచ్చం నిజం దానిలా లేదూ?"

పరస్కా కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "ఇక్కడ మగపిల్లలు కాపరముంటున్నారంటే ఎవడు నమ్ముతాడే అమ్మాయ్? మా దెమ్యాన్ ఒక్క పూట పడుకున్న గది చూశావా? గుర్రాలు పొర్లినట్టుంటది. ఇక్కడ ఒక్క ఎంగిలి గిన్నె ఏది? ఒక్క మురికి మేజోడు ఏది? గడ్డైనా నలగలేదు!"

సొలోమియా త్రోఖిమ్ వైపు చూసింది. ఆయన నేల చూపులు చూశాడు.

"రోజూ పొద్దున్నే వెళ్ళి చుట్టూ ఊడ్చి వస్తున్నాడు," అంది పరస్కా. "నాకు తెలీదనుకున్నాడు."

"చెత్తలో పెట్టుకుంటామా మనం చేసింది?" అన్నాడాయన నీరసంగా.

పొగమంచు పట్టిన రోజు డ్రోన్లకు చూపు ఆనదు. మా ఊళ్ళో పొలం పనులైనా, పెళ్ళిళ్ళైనా, పాతిపెట్టడాలైనా ఆ రోజే. అలాంటి పొద్దున పరస్కా తోపుడుబండి నిండా సామాను వేసుకుని బయల్దేరింది. ఖాళీ డబ్బాలు, పొయ్యి బూడిద, మాడిన కాషా జావ గిన్నె, చిరిగిన పరుపు. చివరికి త్రోఖిమ్ ఉన్ని లాగు తీసి ఫిరంగి గొట్టం మీద ఆరేసింది.

"అది కొత్తదే!"

"కొడుకు కంటే కొత్తదా?"

ఆయన ఆమె చూపించిన చోటల్లా గడ్డి తొక్కాడు.

మంచు తొలగిన మర్నాడే క్షిపణి వచ్చింది. ఊరంతా అదిరింది. మా ఇళ్ళలో అద్దాలు పగిలాయి. త్రోఖిమ్ వీధిలోకొచ్చి, "కొట్టార్రా! నాదే కొట్టారు!" అని గంతులేశాడు. ఖ్వేదిర్ శిలువ గుర్తు వేసుకుని తలుపేసుకున్నాడు. వీధికి వీధినే నేలమట్టం చేయగల క్షిపణి అది. ఇన్నాళ్ళుగా అంతంత ఆయుధాలు పెట్టుకుని మా వాగు దాటలేనివాళ్ళు చివరికి ఒక మురుగు గొట్టాన్నీ ఒక లాగునూ జయించారు. ఫిరంగినీ సిబ్బందినీ మట్టుబెట్టామని వాళ్ళ టీవీలో గొప్పగా చెప్పుకున్నారట.

సాయంత్రం దాకా దెమ్యాన్ ఫోన్ రాలేదు. అప్పటికి త్రోఖిమ్ గంతులన్నీ అణిగిపోయాయి. పరస్కా ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయలు అయిపోయాక కూడా ఏడ్చింది.

ఫోన్ మోగింది. "నాన్నా, అందరం బాగానే ఉన్నాం. అది మాకు రావాల్సింది, నీకొచ్చింది."

"అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగి త్రోఖిమ్ ఫోన్ పెళ్ళాం చేతిలో పెట్టేశాడు.

ఇంకో ఫిరంగి రెండ్రోజుల్లో కావాలని మర్నాడే సొలోమియా కబురు పెట్టింది. త్రోఖిమ్ ఒక చెక్క తీసుకున్నాడు. చిత్రిక పట్టలేదు, కొలవనూ లేదు, వంకరగా పెట్టి మేకు దిగ్గొట్టాడు. దాన్ని చూస్తుంటే ఆయనకు ప్రాణం పోయినంత పనైంది. అయినా సరిచేయకుండా ఇంకో చెక్క అందుకున్నాడు.