సిడ్నీ నుంచి వచ్చిన కంప్యూటర్లు

మా దీవిలో, సబేటో ఊళ్ళో చెరకు తోటలు కాల్చే నెలల్లో మా ఇంట్లో ప్రతి వస్తువు మీదా మసి పడేది. అమ్మ గిన్నెలు బోర్లించుకునేది. నేను నా కంప్యూటర్ మీద పాత చీర కప్పేదాన్ని.

ఆ కంప్యూటర్ నాకెవరూ కొనివ్వలేదు. నాడీ పట్నంలో నేను స్టోర్స్ గుమాస్తాగా పనిచేసే హోటల్లో పారేసిన ఖాళీ కంప్యూటర్ డబ్బా తెచ్చుకున్నాను. లౌటోకాలో రిపేరు షాపాయన చెత్తలోంచి ఏరుకోనిచ్చిన మదర్‌బోర్డు అందులో బిగించాను. ఫ్యానులో బల్లి గుడ్లు పెడితే పుల్లతో తీశాను. మొదటిసారి తెర మీద అక్షరాలు వచ్చిన రోజు అమ్మ తొంగిచూసి, "దీంతో అన్నం ఉడుకుతుందా?" అని వెళ్ళిపోయింది. పెళ్ళికాని ఆడది స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటే మావాళ్ళకు నవ్వులాట.

అమ్మకు ఒక్కడే తమ్ముడు. ఇక్కడ సైన్యం మొదటిసారి ప్రభుత్వాన్ని కూలదోసిన తర్వాత, మావాళ్ళు చాలామందిలాగే మామ సిడ్నీ వెళ్ళిపోయి, అక్కడొక పెద్ద ఆఫీసులో చేరాడు. కొన్నేళ్ళకు లౌటోకాలోని మా తెలుగు సంఘానికి ఆ ఆఫీసు పాత కంప్యూటర్లు ఒక కంటెయినర్ నిండా పంపించాడు. వెనకే తనూ వచ్చాడు. పిల్లలకు కంప్యూటర్ గది పెడతామని సంఘం వాళ్ళు పొంగిపోయారు. ఈ పని తెలిసింది నాకొక్కదానికే కాబట్టి హాలు తాళంచెవి సెక్రటరీ నా చేతికిచ్చాడు.

మొదటి డబ్బా మూత తీశాను. హార్డ్ డిస్క్ ఉండాల్సిన చోట ఖాళీ. రెండోదీ అంతే. మెమరీ కార్డులూ పీకేసి ఉన్నాయి. కొన్ని బోర్డుల మీద కెపాసిటర్లు పండిన బొబ్బల్లా ఉబ్బి, పైన గోధుమరంగు జిగురు కారి ఉంది. అక్కడ చెత్త వదిలించుకోవాలంటే ఖర్చు. మా దగ్గర వదిలితే పూలదండ.

మామను పక్కకు పిలిచి చెప్పాను. "మామా, ఇవి సబ్ ఖాళీ. లోపల కుఛ్ నయ్. పని చెయ్యవు."

"తెలుసు. కంపెనీ డిస్కులు తీసేసే ఇస్తుంది. ఆదివారం గది ప్రారంభానికి బత్తీ వెలగాలి, బస్. తర్వాత ఎవరు చూస్తారు?"

"పిల్లలు చూస్తారు."

"పిల్లలకేం తెలుసు? నువ్వు ఎవరితో బాత్ చెయ్యకు."

ఆ వారమంతా డ్యూటీ దిగి లౌటోకా బస్సెక్కాను. ఒకదానిలోది ఇంకొకదానిలో పెట్టి, నా సొరుగులోని డిస్కులు కూడా బిగించి, రెండు మూడింటిని నిజంగా నడిపించాను. మిగిలినవాటికి ముందున్న దీపం వెలిగేలా మాత్రం చేశాను.

ఆదివారం పంతులు కొబ్బరికాయ కొట్టాడు. మామ మెడలో దండలు వేశారు. పిల్లలు కుర్చీల్లో కూర్చుని కీబోర్డులు నొక్కారు. రెండు మూడు తప్ప తెరలన్నీ నల్లగానే ఉన్నాయి. అంతలో ఒక డబ్బా టప్పుమని పేలి, కాలిన వాసనతో పొగ లేచింది. పిల్లలు లేచి పరిగెత్తారు. సంఘం పెద్ద వచ్చి ఆ డబ్బా విప్పించి, లోపలికి చూసి, "సామాను ఏది?" అన్నాడు.

మామ నావైపు చూశాడు. తర్వాత అందరికీ అర్థమయ్యేలా హిందీ కలిపి అన్నాడు. "ఈ లడ్కీ చోరీ కరిస్. నేను నిండుగా తెచ్చాను. చాబీ దీని దగ్గరే ఉంది. ఇంటికెళ్ళి చూడండి, బల్ల నిండా ఈ సామానే."

"మామా, నువ్వే కదా చెప్పావు" అన్నాను. ఆ మాట నాకే గట్టిగా వినిపించలేదు. ముందు వరసలో ఒకావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆడపిల్ల కాబట్టి పోలీసులదాకా వద్దని సంఘం పెద్ద దయ చూపించాడు.

ఆ మధ్యాహ్నమే సెక్రటరీ వ్యానులో మగవాళ్ళు మా ఇంటికొచ్చారు. నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "అమ్మా, ఇవి నావి. నేను ఏరుకొస్తుంటే చూశావుగా. చెప్పు వీళ్ళకి."

"మీ మామ జూట్ చెప్పడు" అంది అమ్మ.

అంతటితో ఆగలేదు. తానే లోపలికెళ్ళి, చీర లాగేసి, నడుస్తున్న కంప్యూటర్ ప్లగ్ పీకి, డబ్బా ఎత్తి వాళ్ళ చేతుల్లో పెట్టింది. బల్లమీది విడిభాగాలను ఒకడు మోచేత్తో బియ్యం సంచిలోకి తోశాడు.

సంగతి హోటలుకు పాకింది. స్టోర్స్ తాళాలు తీసుకుని నన్ను లాండ్రీలోకి పంపారు. సిడ్నీ డబ్బాలు హాల్లోనే తుప్పుపట్టి, ఒక తుఫాను తర్వాత గోడ వెనక గుట్టపడ్డాయి. నా కంప్యూటర్ మాత్రం సెక్రటరీ ఇంట్లో పిల్లల ఆటలకు ఏళ్ళ తరబడి పనికొచ్చింది. వాళ్ళావిడ మార్కెట్లో కనబడినప్పుడల్లా, "ఇంకా చెడలేదు అక్కా, చాలా మంచిది" అనేది.

నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి గదికి తాళం వేసుకున్నాను. డబ్బాలు పోయి లాప్‌టాప్‌లు వచ్చాయి. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా పలచబడుతూ పోయాయి. మెమరీని బోర్డుకే సోల్డర్ చేశారు, తర్వాత డిస్కునూ అతికించేశారు, బ్యాటరీకి జిగురు పూశారు. బోర్డు చస్తే దాని మీదున్నవన్నీ చస్తాయి. దుకాణాల్లో దీన్నే అందం అంటారు. నాలాంటివాళ్ళను బయట నిలబెట్టి తలుపు వేసుకోవడం అంటాను నేను.

అత్తయ్య చనిపోయిన ఏడాది మామ అలాంటిదే ఒకటి పట్టుకుని వచ్చాడు. జబ్బుతో ఉన్న రోజుల్లో ఆవిడ మాట్లాడిన వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా దాచుకోలేదు. దానిమీద టీ ఒలికింది. సిడ్నీలో కుదరదన్నారట.

"ఈ పని నీకు తెలుసు కదా బేటీ. మీ అత్తయ్య గొంతు దీంట్లోనే ఉంది."

విప్పి చూశాను. బోర్డు పచ్చగా చిలుముపట్టి ఉంది. మరమ్మతు పేరుతో ఎవరో కాల్చిన గుర్తులున్నాయి. డిస్కు చిప్పు పగిలిపోయింది. నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను.

"రాదు మామా. చిప్పే పోయింది."

"కోపంతో అంటున్నావు" అన్నాడు. వంటింటి గుమ్మంలో ఉన్న అమ్మవైపు తిరిగాడు. "అక్కా, ఆ రోజు డబ్బాలు ఖాళీవే. నేనే జూట్ చెప్పాను. ఇప్పుడు చెయ్యమని చెప్పు దీనికి."



"నిజం చెప్పినందుకు పగిలిన చిప్పు అతుక్కోదు" అన్నాను. మామ నేలమీద కూలబడి ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఎన్నాళ్ళుగానో ఆకలితో ఉన్నవాళ్ళు విస్తరిని చూసినట్టు చూశాను.

అమ్మ ఆ పాత మాట ఎత్తలేదు. నా దగ్గరికొచ్చి, "నీకు చేతనవును. పగ పట్టి చెయ్యనంటున్నావు" అంది.

తమ్ముడి భుజం పట్టి లేపి, వంటింట్లోకి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. నేను బోర్డును కవర్లో చుట్టి మామ బ్యాగు మీద పెట్టాను. లోపల నీళ్ళు వంచిన చప్పుడు, పప్పు ఇంకొంచెం వెయ్యనా అని అడగడం వినబడ్డాయి. నన్ను అన్నానికి పిలవలేదు.