నలభై పక్కలు, ఒక్క పల్లం

షాపు మూసెయ్యొద్దని పరుపులావిడ అద్దాల కిటికీలో పడుకుని ధర్నా చేసిందని వీధి మొదట్లో ఒక మాట పుట్టింది. వీధి మధ్యకొచ్చేసరికి ఆ మాటకి నిద్రమాత్రలు తోడయ్యాయి. చివరింటికి చేరేసరికి ఆవిడ మీద తెల్లదుప్పటి కప్పి తీసుకెళ్ళిపోయారు కూడా. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే వాళ్ళకి ఈ వీధిలో ఏనాడూ కరువు లేదు. కుండకైతే మూత దొరుకుతుంది, లోకం నోటికి ఎక్కడ దొరుకుతుంది? అందుకని జరిగింది జరిగినట్టు ఒకసారి చెప్పుకోవడం మంచిది. ధర్నా అబద్ధం. మాత్రలు అబద్ధం. తెల్లదుప్పటి నిజమే, కాకపోతే దాన్ని పొద్దున ఇస్త్రీ చేసి పరిచింది ఆవిడే. పట్టపగలు ఊరంతా చూస్తుండగా, నోరు కాస్త తెరుచుకుని, అద్దాల వెనక ఆవిడ నిద్రపోయిన మాటా నిజమే.

మెయిన్ రోడ్డు మీది ఆ నాలుగంతస్తుల షాపు తాతల నాటిది. ముందు ఆకుపచ్చ పందిరిగుడ్డ, గుమ్మం మీద గుండ్రటి గడియారం, తోస్తే నిట్టూర్చినట్టు తెరుచుకునే బరువైన తలుపులు. పదకొండు ఊళ్ళలో పదకొండు షాపులు, ఒక తల్లి పిల్లల్లా అన్నిటికీ అదే పందిరి, అదే గడియారం. సూది నుంచి సోఫా దాకా దొరికేవి. కింద సెంట్లూ చేతిరుమాళ్ళూ, దాని మీద బట్టలు, ఆ పైన గిన్నెలూ బొమ్మలూ. అన్నిటికంటే పైన, మెట్లెక్కి ఎక్కి కాళ్ళు పీకుతున్న వాళ్ళకి సరిగ్గా అవసరమయ్యే చోట, పరుపులు. ఎవరు పెట్టారో గానీ తెలివైన వాళ్ళే. ఆ పై అంతస్తులో పరుపులావిడ ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసింది.

పని అంటే పక్కలు వేయడం. తలుపులు తెరవకముందే ఏడు మంచాల మీద ఏడు పక్కలు సిద్ధం కావాలి. దుప్పటి మూల పట్టి లాగి, కవరు మడిచినట్టు మడిచి, అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి పరుపు కిందకి తోసేది. ఆ మడత మీద ఆవగింజ నిలిచేది కాదు. ప్రతి నెలా మొదటి సోమవారం పరుపుని గిర్రున తిప్పి, తలవైపుని కాళ్ళవైపుకి మార్చేది. కొనేవాళ్ళు కూర్చుని కూర్చుని ఒకే చోట పల్లం పడితే ఇక ఆ పరుపు ముఖం ఎవరు చూస్తారు? "ఇంటికెళ్ళాక మీరూ నెలనెలా తిప్పుకోండి, పల్లం పడనివ్వకండి," అని కొన్న ప్రతివాళ్ళకీ అప్పగింతలు పెట్టినట్టు చెప్పి పంపేది.

షాపులో ఒక రూలుండేది. పనివాళ్ళు పరుపుల మీద కూర్చోకూడదు, పడుకోవడం ఊసే ఎత్తకూడదు. మిగతావాళ్ళు మేనేజరు అటు తిరగ్గానే ఇటు నడుం వాల్చేవారు. ఆవిడ మాత్రం కాళ్ళు వాచిన రోజు కూడా కిటికీ గట్టుకి ఆనుకుందే తప్ప ఆ గీత దాటలేదు. అయినా మెత్తగా ఉంటుందా అని ఎవరైనా అడిగితే చాలు, "మెత్తనా? తెల్లారిందని ఇంకొకరు వచ్చి చెప్పాలి మీకు," అనేది. ఆ ఒక్క మాట మీద సగం వీధి పరుపులు కొనుక్కుంది.

కొన్నవాళ్ళలో ఆడపడుచు కూడా ఉంది. భర్త చెల్లెలు, ఇంట్లో అందరికీ అమ్మడు. పెళ్ళి వద్దనుకుని, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తూ రిటైరైన మనిషి. అన్నగారు పోయాక వదినా తనూ ఒకే ఇంట్లో చెరో గదిలో ఉంటున్నారు. పరుపు కొన్న నాటి నుంచీ, అంటే పన్నెండేళ్ళుగా, ఆ ఇంట్లో తెల్లవారడం ఒకే తీరు.

"వదినా, రాత్రంతా రాయి మీద ఇంకో రాయిలా పడున్నాను."

"ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు. నీకు నిద్ర రాక పరుపుని ఆడిపోసుకుంటున్నావు."

"నువ్వెప్పుడైనా దాని మీద పడుకున్నావా?"

"పడుకోవాలా ఏం? చెయ్యి వేస్తే తెలీదూ? అన్నం ఉడికిందా లేదా అన్నది ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది."

"మెతుకు నువ్వు పట్టుకున్నావు. కుండెడూ నేను తింటున్నాను."

ఆ మాట పరుపులావిడకి గోట్లో ముల్లులా దిగింది. ఆవిడ పడుకునేది పెళ్ళినాటి దూదిపరుపు మీద. అమ్మడు అన్నదే నిజమైతే? తన మాట నమ్మిన వీధంతా రాత్రుళ్ళు అటూ ఇటూ పొర్లుతూ, మొహమాటానికి తనకి చెప్పడం లేదా? పోనీ అమ్మడి గదిలోకే వెళ్ళి ఒక్కసారి నడుం వాల్చి చూద్దామంటే, అది ఓడిపోయానని సంతకం పెట్టినట్టే. పైగా అమ్మడు ఇల్లు కదిలే మనిషి కాదు.

షాపుకి ముసలితనం ఎప్పుడొచ్చిందో ఎవరూ చెప్పలేరు. మనుషులకి మాత్రం చెప్పగలమా? ఇప్పుడు ఫోను మీద వేలితో రాస్తే పరుపు ఇంటికే వస్తోంది, చాపలా చుట్టి సంచిలో పెట్టి మరీ. ముందు గుమ్మం మీది గడియారం ఆగింది, బాగుచేయించిన వాళ్ళు లేరు. తర్వాత సెంట్ల కౌంటర్లో అద్దాలు మిగిలాయి గానీ వాసన పోయింది. ఎక్కడో దూరపు ఊళ్ళో ఒక షాపు మూతపడిందన్నారు. ఆరు నెలలకి ఇంకొకటి. మూతపడ్డ ప్రతి షాపు నుంచీ, చూపించడానికి వేసిన మంచాలూ పరుపులూ, దుప్పట్లూ దిండ్లూ వేసినవి వేసినట్టే, లారీ ఎక్కి ఇక్కడికొచ్చేవి. ఏడు పక్కలు పదకొండయ్యాయి, పద్ధెనిమిదయ్యాయి, ముప్ఫై దాటాయి. కింది అంతస్తులు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే పై అంతస్తు మాత్రం నిండు చూలాలిలా నిండుతూ వచ్చింది.

చివరి వారానికి అక్కడ నలభై మంచాలున్నాయి. పొద్దున పొడుగాటి కిటికీల్లోంచి ఎండ దిగి, ఒక పక్క మీద నుంచి ఇంకో పక్క మీదకి తెల్లగా పాకేది. అది షాపులా ఉండేది కాదు. ఊరంతా నిద్రలేచి ఎక్కడికో వెళ్ళిపోతే, దుప్పట్లు మాత్రం వాళ్ళ కోసం కాచుకుని ఉన్నట్టుండేది. మంచానికీ మంచానికీ మధ్య నడుస్తుంటే తన అడుగుల చప్పుడు తనకే ఎవరో వెనకొస్తున్నట్టు వినిపించేది.

కానీ ఆవిడకి ఒంటరితనం అనిపించలేదు. ఏ ఊరి పక్క ఆ ఊరి చేతివాటంతోనే వచ్చేది. ఒక ఊరావిడ దుప్పటి మూలని రెండు మడతలు వేసేది. ఇంకొకావిడ తిప్పడం మరిచిపోకుండా పరుపు తలవైపు ఎర్రదారంతో ఒక కుట్టు వేసి పెట్టింది. ఒకరి దిండ్లలో లవంగం దొరికేది. మడతలన్నీ అటునుంచి ఇటు పడి ఉంటే, "ఏమ్మా, ఎడంచేతి వాటమా నీది?" అని పైకే అనేది పరుపులావిడ. వీళ్ళెవ్వరినీ ఆవిడ చూడలేదు. చూడబోదు కూడా. అయినా నలభై పక్కలు వేసేసరికి పది ఇళ్ళు తిరిగి అందర్నీ పలకరించి వచ్చినంత తృప్తి.

నలభయ్యో పరుపు చివరి లారీలో వచ్చింది. అమ్మడి పరుపూ అదీ ఒకే రకం. దుప్పటి తీసి చూస్తే మధ్యలో పల్లం. అదీ అలాంటిలాంటి పల్లం కాదు. భుజానికొక గుంట, తుంటికొక గుంట, కింద ముడుచుకున్న మోకాళ్ళకి చిన్న లోతు. ఒక ఆడమనిషి పక్కకి ఒత్తిగిలి పడుకున్నంత మేర. ఎవరో అక్కడ రోజూ, బహుశా జనం పలచబడే వేళ, ఏళ్ళ తరబడి పడుకున్నారు. తిప్పకుండా వదిలేశారు.

"ఇదేం పోయేకాలం!" అని బుగ్గలు నొక్కుకుంది పరుపులావిడ. ఇంటికెళ్ళి చెప్తే అమ్మడు పకపకా నవ్వింది.

"ఆవిడ నయం వదినా. పడుకుని చూసి మరీ అమ్మింది."

ఆ మాటతో పరుపులావిడకి అన్నం సయించలేదు. నలభై మంచాలనీ ఎవరో టోకున కొనేశారు. శనివారం లారీలొస్తాయి. ఆ తర్వాత తన మాట నిజమో అబద్ధమో ఎవరికీ తెలియకుండా తేల్చుకుందామన్నా పరుపంటూ ఉండదు.

శనివారం పొద్దున ఆవిడ నలభై పక్కలూ వేసింది. సూపర్‌వైజరు, ఒకప్పుడు చొక్కాల సెక్షన్లో గుండీలు లెక్కపెట్టినతను, మెట్ల మీద నిలబడి చూశాడు.

"లారీ ఎక్కేవాటికి పక్కలెందుకు పెద్దమ్మా?"

"అవతలివాళ్ళు నా పేరు చెప్పుకుని నవ్వుకోడానికా, నలగ్గొట్టి పంపడం?"

"సర్లే, కాసేపు కూర్చో. ఇవాళ రూలెవడు చూస్తాడు?"

"నేను చూస్తాగా," అంది. అతను నవ్వుకుంటూ దిగిపోయాడు.

మధ్యాహ్నం రెండింటికి అంతస్తు మీద ఈగ కూడా లేదు. పరుపులావిడ చెప్పులు విడిచి, ఒకదాని పక్కన ఒకటి సర్ది పెట్టింది. ఇటు చూసి, అటు చూసి, కిటికీ పక్కన తాను ఏళ్ళుగా నెలనెలా తిప్పిన పరుపు మీద, అమ్మడి పరుపుకి తోబుట్టువు లాంటి దాని మీద, వెల్లకిలా పడుకుంది.

రాయి. బండరాయి. వీపుకీ పరుపుకీ మధ్య గాలి ఆడుతోంది. ఎక్కడా పల్లం లేదు, ఎవరి గుర్తూ లేదు. పది నిమిషాలు పైకప్పు చూస్తూ ఉండిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఎందరికి ఏం చెప్పిందో ఒక్కొక్క ముఖమే గుర్తొస్తుంటే కళ్ళు మండాయి. లేచి, అలవాటు చొప్పున ఆ పక్క సర్దేసింది. తర్వాత చెప్పుల మాటే మరిచి ఇంటికెళ్దామని బయల్దేరి, తలుపు దగ్గరున్న నలభయ్యో మంచం ముందు ఆగింది.

ఆ ఊరావిడ భుజం ఉన్న చోట తన భుజం పెట్టింది. తుంటి చోట తుంటి. మోకాళ్ళు ముడిచింది. రద్దీ బస్సులో ఎవరో కాస్త జరిగి, "రామ్మా, పడతావులే," అని చోటిచ్చినట్టయింది.

ఆ తర్వాత అంతస్తు మెల్లగా కదిలింది. పైన దీపాలు ఒక్కొక్కటే చందమామల్లా దాటిపోయాయి. ప్రతి మంచం దగ్గరా ఒకావిడ వంగి దుప్పటి మూల మడుస్తోంది. ఎడంచేతి వాటపావిడ తలెత్తి చూసింది. ఎక్కడో లవంగం వాసన. "మెల్లగా రా, మెల్లగా," అన్నారెవరో. ఏదో గది నిట్టూర్చి కిందకి, ఇంకా కిందకి దిగింది, చేతిరుమాళ్ళ దాకా, సెంట్ల దాకా. అన్ని కౌంటర్లూ మళ్ళీ నిండి ఉన్నాయి.

నిజానికి జరిగింది ఇది. బరువులెత్తే ముగ్గురు మనుషులు పైకొచ్చి, తలుపు దగ్గర మంచమే ముందు దించాలి కదా అని, ఆవిణ్ణి లేపబోయారు. సూపర్‌వైజరు అడ్డం పడ్డాడు. "నేనొచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ కూర్చోగా చూళ్ళేదు. లేపారో, మీ అంతు చూస్తా!" అని గుసగుసగా అరిచి, దుప్పటి నిండుగా కప్పాడు. మంచానికి చక్రాలున్నాయి. సామాన్ల లిఫ్టులో దించి, లారీ నిండేదాకా ఎవరికీ అడ్డం లేకుండా ముందు వైపు ఖాళీ కిటికీలో పెట్టారు. ఆ కిటికీకి అద్దముందని, అద్దానికి అవతల రోడ్డుందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

పరుపులావిడ కళ్ళు తెరిచేసరికి అద్దానికి ముక్కులు ఆనించి ముఖాలు, ముఖాల వెనక ముఖాలు. చాలా రోజుల తర్వాత షాపుకి ఇంత జనం. కొనడానికొచ్చారనుకుని గబగబా లేచి, జుట్టు సవరించుకుని, పక్క సర్ది, దుప్పటి మూల మడిచి ఒక్క దెబ్బ కొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, కాళ్ళకి చెప్పుల్లేవని.

చెప్పుల కోసం నాలుగంతస్తులూ ఎక్కింది. పైన ఒక్క మంచం లేదు. అంత పెద్ద గచ్చు మీద, కిటికీ దగ్గర, ఆవిడ చెప్పులు మాత్రం పక్కపక్కనే, ఎవరి కోసమో ఆగినట్టు ఉన్నాయి. వేసుకుని దిగొచ్చేసరికి లారీ తలుపులు మూస్తున్నారు.

ఇంటికొచ్చేలోపే సంగతి అమ్మడికి చేరింది. పోస్టాఫీసు మానేసినా కబుర్లు ఇంకా ఆవిడ చేతి మీదుగానే పోతాయి. కానీ ఆ రోజు ఏమీ అడగలేదు. మర్నాడూ అడగలేదు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లో రెండు తెల్లవారుజాములు రాయి ఊసు లేకుండా గడిచాయి.

మూడో రోజు సోమవారం, ఆ నెలకి మొదటిది. అలవాటు ప్రకారం అమ్మడు తన గదిలో దుప్పటి తీసి, పరుపు ఒక మూల ఎత్తి పట్టుకుంది. పరుపులావిడ వచ్చి రెండో మూల పట్టుకుంది. పరుపు ఇద్దరి మధ్య తలుపులా నిలబడ్డాక, దాని పైనుంచి తల పెట్టి చూసింది అమ్మడు.

"వదినా, ఊళ్ళోవాళ్ళ మాటలు నాకొద్దు. నేనడిగేది ఒక్కటే, నిజం చెప్పు. మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?"

పరుపులావిడ తన వైపు మూల మెల్లగా కిందకి దించింది.

"గట్టిదే అమ్మడూ, ఉత్త బండ. కానీ తప్పు దానిది కాదు, నాది. పన్నెండేళ్ళుగా నువ్వు రాత్రంతా కష్టపడి చోటు చేసుకోవడం, నెల తిరక్కుండా నేనొచ్చి చెరిపించడం. వదిలెయ్ ఆ మూల."