పప్పన్నానికి ఈజా, ఆరా?

నేను గూడూరు దగ్గర సర్కారు బడిలో ఇంగ్లిష్ టీచర్‌ని. ఈమధ్య తనిఖీకొచ్చిన అధికారి బోర్డు మీద ‘రైస్ అండ్ దాల్... మై ఫేవరెట్ ఫుడ్’ అని రాసి, ఖాళీలో ‘ఈజ్’ రావాలా, ‘ఆర్’ రావాలా అని అడిగారు. తండా నుంచి వచ్చే ఎనిమిదో తరగతి సునీత లేచి ‘ఈజ్’ అంది.

“రెండున్నాయి కదమ్మా! ఇదా మీరు నేర్పింది?” అంటూ ఆయన నా వైపు తిరిగారు. కూర్చోమని సునీతకు సైగ చేశాను. ఆ పిల్ల కూర్చోలేదు.

“వేరువేరు గిన్నెలల్ల ఉంటె ‘ఆర్’ సార్. కలిపి ముద్ద చేస్తె ఒక్కటే తిండి గద, గప్పుడు ‘ఈజ్’. మా మేడమే చెప్పింది.”

ఆయన బోర్డు మీది వాక్యం మళ్లీ చదివి, “నువ్వే కరెక్టమ్మా” అని సుద్దముక్క ఆమె చేతికిచ్చారు. నా పాఠాన్ని నేనే భయపడి వదిలేశాను. నా విద్యార్థిని మాత్రం వదల్లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత గర్వపడ్డ రోజు నాకు మరొకటి లేదు.