కిందినుంచి పైకి రాయించిన మేడమ్

మేడమ్ చితి చల్లారకముందే, ఆమె ఏటా పిల్లలకు కాలేజీలు చూపించే ప్రయాణాన్ని బడివాళ్లు ఎత్తేశారు. సంతాప సభలోనే ఇన్‌చార్జి సారు మైకు పట్టుకుని చెప్పాడు: "కాలేజీ ఆప్షన్ల ఫారంలో పైన మంచివి పెట్టుకోండి. కింద ఖాళీలు ఏదో ఒకదానితో నింపేయండి, చల్తా హై." ఆ మాట విన్నాకే ఆమె ఇక లేదని నాకు నిజంగా తెలిసొచ్చింది. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. జీపు నడుపుతున్నాను, తింటున్నాను, పడుకుంటున్నాను.

నేను కొంటా రోడ్డు మీద జీపు తోలుతాను. కాలేజీలో చదవలేదు. సవారీలు ఎక్కేదాకా ఆగినప్పుడు పాత పేపర్లు చూసి చదవడం, రాయడం నేర్చుకున్నాను. కిరండూల్ నుంచి బదిలీ మీద వచ్చిన ఈ బయాలజీ మేడమ్ పన్నెండో తరగతి పిల్లల్ని నా జీపులోనే తిప్పేది. గొప్ప కాలేజీలకు కాదు. ఖాయంగా సీటొచ్చే వాటికి. "పైవి రాకపోతే బతకాల్సింది ఈ అడుగుదాంట్లోనే కదమ్మా" అంటూ ఆప్షన్లు కిందినుంచి పైకి రాయించేది.

వెళ్లిన చోట ఆఫీసు గడప తొక్కేది కాదు. పిల్లల్ని హాస్టల్ మెస్‌లో వదిలి, జీపు ముందు సీట్లో కూర్చుని చింతపండు చప్పరించేది. సాయంత్రం ఎలా ఉందని ఒక్కొక్కరినీ అడిగేది.

ఒకసారి ఉసూర్ వైపు పిల్ల ఒకతి రోడ్డు పక్కనున్న కాలేజీ చూసొచ్చి, "మస్తుంది మేడమ్" అంది.

"ఏం బాగుందే?"

"గేటు ముంగటే బస్టాండుంది."

మేడమ్ నవ్వింది. "పారిపోయే దారి బాగుందంటున్నావు తల్లీ. కాలేజీ సంగతి చెప్పు."

పిల్ల తల వంచుకుంది. మెస్‌లో అన్నం కూడా ముట్టలేదట.

మర్నాడు సున్నం రాలిన గోడల కాలేజీకి వెళ్లాం. బయల్దేరే వేళకు ఆ పిల్ల లేదు. వెతికితే హాస్టల్ వెనక, తనలాగే దోర్లీ మాట్లాడే ఆడపిల్లలతో కబడ్డీ ఆడుతోంది.

"జీపు పోతున్నదే!" అని అరిచాను.

"పోనీ అన్నా!" అంది, కూతకు వెళ్తూ.

ఆ సంగతి చెబితే మేడమ్ సీట్లో నిటారుగా కూర్చుంది. "అడుగున ఇదే రాయిద్దాం."

ఆ పిల్లకు పైవేవీ రాలేదు. అక్కడే చేరింది, అక్కడే ఉంది. మొన్న చితి దగ్గర కనిపించి కళ్లు తుడుచుకుంటూనే, "సాయంత్రం బస్సుకే పోవాలె అన్నా, రేపు మాకు ఆటుంది" అంది.

ఈ ఏడు మా చెల్లి వంతు. నిన్న అడిగింది: "అన్నా, అడుగున ఏం పెట్టాలె?"

"ఏదో ఒకటి పెట్టమన్నడు గదా మీ సారు."

"ఏదో ఒకదాంట్ల నువ్వుంటవా ఏంది, అన్నేండ్లు?"

నాకు కోపం మాత్రం వచ్చింది.

బడివాళ్లకే చెబుతున్నాను. టీచరు వెంట లేకపోతే ఆడపిల్లల్ని ఏ ఇంట్లోనూ పంపరు. జీపు నాది, తోలేది నేను. కావాల్సింది ఒక్క టీచరు. ఆప్షన్ల గడువు ముంచుకొస్తోంది. మేడమ్ డ్యాష్‌బోర్డు గూట్లో వేసిన చింతగింజలు ఇంకా తీయలేదు. గుంతలో పడ్డప్పుడల్లా గలగలమంటున్నాయి. ఆ పక్క సీట్లో ఎవరు కూర్చుంటారో వచ్చే ఆదివారం సంత ఎత్తేలోపు చెప్పండి. సోమవారం పొద్దున జీపు మీ గేటు ముందుంటుంది.