లోపలి వైపు తాళం

మస్కట్‌కి దూరంగా బహ్లా అనే ఊళ్ళో ఇంటిపనికి కుదిరిన మా పిన్ని కూతురు అక్కడి నుంచి పారిపోయిందని తెలిసినప్పుడు నాకు ముందు ఒళ్ళు మండింది. నాకొక్క మాట చెప్పి చావొచ్చు కదా! తర్వాత ఏడుపొచ్చింది. మస్కట్ పక్కనే సీబ్‌లో ఎవరో పుణ్యాత్ములు దిక్కులేని పనివాళ్ళ కోసం ఒక విల్లా అద్దెకు తీసుకున్నారట, అందులో ఉందట. నేనేమో మస్కట్‌లో నర్సుని, మొగుడూ పిల్లలతో ఉంటున్నాను. నేనుండగా నా చెల్లెలు సత్రంలో పడుండటమేమిటి? ఇంటికి తెచ్చేసుకుందామనుకున్నాను.

శుక్రవారం మసీదుల్లో ప్రార్థన ముగియగానే టాక్సీ ఎక్కాను. సంచిలో నా డ్యూటీ కోటు పెట్టుకున్నాను. తెల్లకోటు వేసుకున్న మనిషిని దారిలో ఎవరూ ఆపరని మా ఆసుపత్రిలో అందరికీ గట్టి నమ్మకం. మా చెల్లెలికి ఆ కోటు తొడిగి దర్జాగా నడిపించుకొద్దామని నా ఎత్తు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గేటుకి తాళం. ఊచల్లోంచి చూస్తే లోపల ఆడవాళ్ళందరూ ఒకే రకం పూల నైటీల్లో ఉన్నారు. ఒకావిడ ఉల్లిపాయలు గుట్ట పోసుకుని తరుగుతోంది. ఇంకో ఇద్దరు వరండా కడుగుతున్నారు. గుప్పున ఫినాయిల్ వాసన. అది జైలో, హాస్టలో, మా వార్డో నాకు అంతుపట్టలేదు. ఇప్పటికీ ఆ ఇంటిని ఏమనాలో తెలీదు. గేటు పట్టుకుని ఊపేశాను.

"ఎవరయ్యా ఇక్కడ! మనుషుల్ని లోపలేసి తాళం వేస్తారా?"

పూల నైటీల్లోంచి ఒకతి పరుగెత్తుకొచ్చింది. మా చెల్లెలే. తాళంచెవి దాని మెడలోనే వేలాడుతోంది!

"అరవకక్కా. తాళం మేమే ఏసుకున్నాం. పనిచేసిన ఇళ్ళోళ్ళు వచ్చి గొడవ చేత్తారు. ఈ వారం గేటు డ్యూటీ నాది."

నాకు బుర్ర తిరిగిపోయింది. చాకిరీ చెయ్యలేక పారిపోయిన పిల్ల ఇక్కడికొచ్చి డ్యూటీ చేస్తోంది. తాళంచెవి మెడలో పెట్టుకుని లోపలే కూర్చుంది. ఎవరు ఎవరిని బంధించినట్టు?

"సరే, తియ్యి. ఈ కోటు తొడుక్కో, మనింటికి పోదాం."

"ఊరెళ్ళే కాయితాలొచ్చేదాకా గేటు దాటకూడదక్కా."

"మా ఇంట్లో కూర్చుంటే రానంటాయా నీ కాయితాలు?"

నేను ఊచల్లోంచి అందించిన కోటు వంక చూసింది. నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. ఊచల్లోంచి దాన్ని మెల్లగా వెనక్కి తోసేసింది. నాకు తిక్క రేగింది.

"ఒసేయ్, నాకంటే ఈ కొంపే ఎక్కువైందటే నీకు?"

"పారిపోయానని నా మీద కేసెట్టారక్కా. మీ ఇంట్లో దొరికితే నిన్నూ పట్టుకుపోతారు."

"పట్టుకుపోనీ! నేనూ వచ్చి నీతోపాటే పడుంటాను."

అది ఊచల్లోంచి నా చెయ్యి పట్టుకుంది.

"నా పక్కన చోటిత్తాను, దానికేం. ఇక్కడ పిల్లల్ని ఉంచనివ్వరక్కా. మీ పిల్లల్ని ఎవరికప్పజెప్పొత్తావ్?"